తాతల కంచం, మనవళ్ల నడుము

కృష్ణకు అవతలి గట్టున నూనె చుక్క పడనివ్వరు. ఇవతలి గట్టున నూనె తాగమన్నారు. ఉండవల్లి కరకట్ట మీద డాక్టర్ మంతెన సత్యనారాయణరాజు ఆరోగ్యాలయంలో ఉప్పూ నూనే లేని వంట, మొలకలు, పండ్లు, పెందలాడే ముగిసే రాత్రి భోజనం. విజయవాడ వైపున 2017 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతిలో అన్నం, గోధుమలు, చిరుధాన్యాలు, పంచదార అన్నీ పక్కకు పోయాయి. వాటి బదులు రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు వచ్చాయి. రెండింటికీ మధ్య అడ్డం ప్రకాశం బ్యారేజీ ఒక్కటే. కొన్నాళ్లపాటు ఈ చుట్టుపక్కల పెళ్లి పందిళ్లలో, బస్సుల్లో, వాకింగ్ ట్రాకుల మీద ఇదే మాట. వైద్యులు చాలామంది రామకృష్ణ పద్ధతిని గట్టిగా తప్పుపట్టారు. టీవీల్లో గంటలకొద్దీ వాదనలు నడిచాయి.

ఆ వాదనల్లో కొట్టుకుపోయిన విషయం ఒకటుంది. రెండు గట్ల మీదా జనం బరువు తగ్గారు.

ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉన్న రెండు దారులు ఒకే చోటికి ఎలా చేర్చాయి? దీనికి జవాబు అమెరికాలో దొరుకుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కొవ్వు తగ్గించి తినడం, రెండో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించి తినడం ఏడాదిపాటు నేర్పారు. 2018లో ఫలితాలు వచ్చాయి. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు తగ్గితే, రెండో జట్టు 6 కిలోలు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదని వాళ్లే తేల్చారు. రెండు జట్లలోనూ బాగా తగ్గినవాళ్లున్నారు, తగ్గకపోగా పెరిగినవాళ్లూ ఉన్నారు. రెండు జట్లకూ ఒకేలా చెప్పినవి కొన్నున్నాయి: పంచదార, మైదా మానండి, కూరగాయలు దండిగా తినండి, ఇంట్లో వండుకోండి. కరకట్ట మీదా, బెజవాడలోనూ జరిగింది ఇంచుమించు ఇదే. నూనె మానినవాళ్లకు పునుగులు, మిర్చి బజ్జీలు, ఆవకాయ నూనె పోయాయి. అన్నం మానినవాళ్లకు కంచంలో కుప్ప, టీలో పంచదార, సాయంత్రం స్వీటు పోయాయి. ఎటు నుంచి కోసినా కోతపడింది తిండిలోనే.

అసలు నలభై దాటాక ఈ పొట్ట ఎక్కడి నుంచి వస్తుంది? అడిగితే ఎక్కువమంది చెప్పే మాట, వయసు వచ్చాక ఒంట్లో వేడి తగ్గుతుంది, తిన్నది అరగదు అని. 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఈ నమ్మకాన్ని కదిలించింది. 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసిగుడ్డు మొదలు 95 ఏళ్ల వృద్ధుల దాకా, 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును హెర్మన్ పాంట్జర్ బృందం లెక్కగట్టింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఇరవై నుంచి అరవై దాకా శరీరం కాల్చే శక్తి దాదాపు ఒకేలా ఉంది. తగ్గుదల మొదలయ్యేది అరవై తర్వాతే. అంటే నలభై ఐదేళ్ల మనిషి పొయ్యి ఆరిపోలేదు. మారింది ఆ మనిషి రోజు.

పటమటలో అపార్టుమెంటు, బందరు రోడ్డులో ఆఫీసు ఉన్న 48 ఏళ్ల ఉద్యోగిని ఊహించుకుంటే చాలు. ఇంటి నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి కారు, కారు నుంచి కుర్చీ. మధ్యాహ్నం పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం. అయిదింటికి ప్లేటు పునుగులు, తొమ్మిదిన్నరకు మళ్లీ భోజనం, పదిన్నరకు నిద్ర. ఇలా ఏడాదికి అర కిలో పెరిగితే ఇంట్లోవాళ్లకూ కనిపించదు, దర్జీకి తప్ప. ఇరవై ఏళ్లకు అది పది కిలోలు.

ఈ కంచం డెల్టాది. 1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడి, కాలువలు పారాక ఈ నేల వరిసీమ అయింది. ఆ ఆనకట్ట స్థానంలోనే 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ లేచింది. 1980ల్లో మార్టేరు పరిశోధన కేంద్రం స్వర్ణ వరిని ఇస్తే, బాపట్ల సాంబ మసూరిని ఇచ్చింది. సన్నబియ్యం తెల్లన్నం ఇంటింటి కంచానికి గౌరవమైంది. ఆ అన్నం తిన్న తాతలు దమ్ము చేశారు, నాట్లు వేశారు, కుప్పలు నూర్చారు, 75 కిలోల ధాన్యం బస్తా భుజానికెత్తారు. గట్ల వెంట మైళ్లకు మైళ్లు నడిచారు. ఆ పనికి ఆ అన్నం చాలీచాలనిది. ఇప్పుడు దమ్ముకు ట్రాక్టరు, కోతకు యంత్రం, చేను చూసి రావడానికి బండి. పని వెళ్లిపోయినా కంచంలో కుప్ప మాత్రం అంతే ఎత్తున ఉంది. పల్లెల్లో రైతు కూడా పొట్ట పట్టుకుని షుగరు డాక్టరు దగ్గరకు వస్తున్నాడంటే కారణం ఇదే. బద్ధకమంటూ ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం మంది ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువ ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేయించిన అధ్యయనం 2023లో ప్రచురితమైంది. దాని ప్రకారం పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం ఉంది. పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవాళ్లు 39.5 శాతం. అదే అధ్యయనంలో ఆహారపు లెక్కలు 2025లో వచ్చాయి. భారతీయుడు తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది.

‘నేను సన్నగానే ఉన్నాను, నాకేం’ అనుకునేవాళ్లకు ఒక ఫోటో కథ. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లో ఆయన మిత్రుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటోను 2004లో ‘లాన్సెట్’ పత్రిక వేసింది. ఎత్తుకు తగిన బరువు సూచిక (బీఎంఐ) ఇద్దరికీ ఒక్కటే, 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. భారతీయుల శరీరం కొవ్వును పొట్టలో, పేగుల చుట్టూ దాచుకుంటుంది. అందుకే ఇక్కడి వైద్యులు సూచిక 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటారు. ఇంట్లో బరువు యంత్రం లేకపోయినా టైలరు టేపు ఉంటే చాలు. బొడ్డు చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు.

నడకే మందు అన్న మాట బెజవాడకు కొత్తకాదు. తెల్లవారకముందే ఇందిరాగాంధీ స్టేడియం చుట్టూ, కాలేజీ మైదానాల్లో, పార్కుల్లో జనం తిరుగుతుంటారు. కదలిక విలువను శాస్త్రీయంగా పట్టుకున్నది బస్సుల్లో. 1953లో జెరెమీ మోరిస్ లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ. ఊరు, బస్సు ఒకటే, తేడా కాళ్లలో ఉంది. పండిట్ నెహ్రూ బస్టాండులో డ్యూటీ దిగే డ్రైవరన్నను చూసినప్పుడల్లా ఆ పరిశోధన గుర్తుకు రావాలి.

అయితే నడక మీద లేని భారం కూడా వేస్తున్నారు. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. అవి రెండు వందల గ్రాముల అన్నంలో వచ్చేస్తాయి. గాంధీనగర్‌లో నడక అయ్యాక బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తింటే లెక్క చెల్లుకు చెల్లు. బరువు దించేది ముఖ్యంగా కంచం. దిగిన బరువును తిరిగి ఎక్కకుండా పట్టి ఉంచేది, గుండెనూ చక్కెరనూ అదుపులో పెట్టేది నడక. ఈ రెండు పనులూ వేరని తెలియక, ఆరునెలలు నడిచినా కిలో తగ్గలేదని బూట్లు మూలపడేసినవాళ్లు ఎందరో.

ఇక ఈ వయసులో అందరూ మరిచిపోయేది కండ. ముప్ఫై దాటినప్పటి నుంచి వాడని కండ కరుగుతూ వస్తుంది. కడుపు మాడ్చుకుని వేగంగా తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. బరువు తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వచ్చేది ఎక్కువగా కొవ్వే. అందుకే మూడు నెలల్లో ఇరవై కిలోలు తగ్గి, ఏడాదికి పాతిక కిలోలు పెరిగిన మనిషి మొదటి కన్నా బలహీనంగా మిగులుతాడు. 2025లో మన దేశంలోకి వచ్చిన సూది మందులు వెగోవీ, మౌంజారోలకూ ఈ చిక్కు ఉంది. అవి ఆకలిని గట్టిగా తగ్గిస్తాయి, అవసరమైనవాళ్లకు మేలు చేస్తాయి. కానీ వెగోవీలోని సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చినట్టు పరీక్షల్లో తేలింది.

కండ ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి పాత చాప చాలు. బ్రెజిల్‌లో క్లాడియో గిల్ అరౌజో అనే వైద్యుడు 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2,002 మందిని నేలమీద కూర్చుని లేవమన్నాడు. చేయి, మోకాలు ఆనించకుండా లేవగలిగినవాళ్లకన్నా, ఆనిస్తే తప్ప లేవలేనివాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువని 2012లో ప్రకటించాడు. డెల్టా ఇళ్లలో ఒకప్పుడు పీట వేసుకుని, బాసింపట్టు వేసుకుని తినేవారు. రుబ్బురోలు ముందు కూర్చునేవారు, నేలమీదే పడుకునేవారు. రోజుకు ఇరవైసార్లు ఈ పరీక్ష తెలియకుండానే జరిగిపోయేది. డైనింగ్ టేబులు వచ్చింది, పరీక్ష ఆగిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన కదలికతోపాటు కనీసం రెండు రోజులు కండకు పని చెప్పమంటోంది. అందుకు జిమ్ముకే వెళ్లక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిహేనుసార్లు లేవడం, గోడకు చేతులాన్చి వంగి లేవడం, నీళ్ల బిందె రెండు చేతులా మార్చి మోయడంతో మొదలుపెట్టవచ్చు. కండకు పప్పు, గుడ్డు, చేప, పెరుగు కావాలి. గుడ్లలోనూ చేపల్లోనూ దేశానికే ముందున్న రాష్ట్రం ఇది. కొల్లేరు చేప కైకలూరు నుంచి దేశమంతా వెళుతుంది. ఇంట్లో మాత్రం చేప ముక్క ఒక్కటీ దాని పక్కన అన్నం నాలుగు గరిటెలూ పడతాయి. ఆ లెక్కను తారుమారు చేస్తే ఏ ఆశ్రమానికీ వెళ్లకుండానే సగం దారి గడిచినట్టు.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. మన దేశంలో 46, 47 ఏళ్లకే ముట్లు ఆగిపోతున్నాయి. ఆ మార్పుతో తొడల మీది కొవ్వు పొట్టకు చేరుతుంది, నిద్ర చెదురుతుంది, ఎముక పలచబడుతుంది. పైగా మిగిలిన అన్నం పారేయలేక తినేది ఇల్లాలే. అందరూ తిన్నాక, రాత్రి పదింటికి. తెల్లారి ఆమె నడకకు వెళ్లాలంటే పాలు కాచేవాళ్లు, క్యారేజీ కట్టేవాళ్లు ఇంకొకరు కావాలి. వాకింగ్ షూ కొనిచ్చి ఊరుకునే భర్త సాయం చేసినట్టు కాదు. పొద్దున అరగంట పొయ్యి దగ్గర నిలబడాలి.

ఆలస్యమైందని బెంగపడేవాళ్లు గోలి శ్యామల పేరు వినాలి. సామర్లకోటలో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన ఆమె యానిమేషన్ రంగంలో పనిచేశారు. ఈత నేర్చుకున్నదే నలభై దాటాక. అప్పటికి నీళ్లంటే భయం, వ్యాపారంలో దెబ్బతిన్న కుంగుబాటు. అలా మొదలైన మనిషి కృష్ణను ఈదారు. 2021 మార్చిలో, యాభైకి దగ్గరపడుతున్న వయసులో, శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. అందరూ సముద్రాలు ఈదక్కర్లేదు. నడివయసు శరీరం నేర్చుకోగలదు అన్నదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం తెలుగునేల మీద అరుదు.

జాగ్రత్తలు లేకపోలేదు. షుగరు మాత్రలో ఇన్సులినో తీసుకునేవాళ్లు ఉన్నట్టుండి అన్నం మానేస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. మందు మోతాదు డాక్టరు మార్చాకే తిండి మార్చాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, గర్భిణులు ఎవరో చెప్పిన పద్ధతులు పట్టుకోకూడదు. నడిచేటప్పుడు గుండె బరువెక్కినా, ఎడమ చేయి లాగినా ‘గ్యాస్’ అనుకుని సోడా తాగకూడదు.

ఎంత తగ్గితే ప్రయోజనం? పెద్ద అంకెలు అక్కర్లేదు. అమెరికాలో మధుమేహ నివారణ పరిశోధన లక్ష్యంగా పెట్టుకున్నది 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల నడక. మధుమేహం అంచున ఉన్నవాళ్లలో అది వచ్చే ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో తేలింది. చెన్నైలో రామచంద్రన్ బృందం భారతీయుల మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, అలవాట్లు మార్చుకున్నవాళ్లకు ముప్పు 28.5 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే అయిదున్నర కిలోలు. రాత్రి అన్నంలో సగం తీసి ఆ చోట కూర పెట్టి, సాయంత్రపు నూనె సరుకు వారానికి ఒక్కసారికి దించితే, ఆరేడు నెలల్లో అందుకోదగ్గ దూరమే అది.

ఆ 150 నిమిషాల కొలత బెజవాడవాళ్ల కళ్లముందే ఉంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. ఈ గట్టున బయలుదేరి సీతానగరం వైపు గట్టు తాకి, వచ్చిన దారినే చురుగ్గా వెనక్కి నడిస్తే అరగంట పడుతుంది. వారానికి అయిదు పొద్దులు.