సింహాచలం రాతిమీద ఒక తోట

ఆనందపురం: తెల్లవారకముందే ఆనందపురం కూడలిలో బంతి, చేమంతి గంపలు దిగుతాయి. ఈ పూలు పండించే రైతులు తెలుసుకోదగ్గ సంగతి ఒకటి సింహాచలం గుడి రాళ్లమీద ఉంది. అక్కడి వందలాది శాసనాలలో అన్నిటికన్నా పాతది 1098-99 నాటిది. అందులో యుద్ధాల ఊసు కాదు, ఒక మామూలు మనిషి దేవుడికి తోట దానం చేసిన సంగతి ఉంది. అప్పటి ప్రభువు చోళరాజు మొదటి కులోత్తుంగుడు.

చోళులంటే అరవదేశపు రాజులు కదా, మన కొండమీద వారికేం పని అని అడగవచ్చు. వారు చాలా పాతవారు. అశోకుని శాసనాల్లోనే వారి పేరు ఉంది. అయితే ఈ కులోత్తుంగుడు సగం మనవాడే. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజమహేంద్రవరం ప్రభువు రాజరాజ నరేంద్రుని కొడుకు. నరేంద్రుని తల్లి కుందవ్వ, తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజ చోళుని కూతురు. భార్య అమ్మంగదేవి, కుందవ్వ అన్నగారైన రాజేంద్ర చోళుని బిడ్డ. అంటే మన ఇళ్లలో జరిగే మేనరికమే!

తండ్రి 1061లో పోయాక వేంగి గద్దె పినతండ్రి చేతిలో ఉండిపోయింది. 1070లో చోళ సింహాసనం ఖాళీ అయితే ఈ తెలుగురాజు కొడుకు వెళ్లి దానిమీద కూర్చున్నాడు. సుమారు యాభై ఏళ్లు ఏలాడు. 1090 నాటి శాసనాలలో మన విశాఖపట్నానికే కులోత్తుంగచోళపట్టణం అని మరోపేరు కనబడుతుంది. పొరుగు దేశాల వర్తకులు దిగే రేవు అది.

అంతా చుట్టరికంతో సాగిపోయిందనుకుంటే పొరపాటు. చోళసేన కళింగం మీదికి రెండుసార్లు దండెత్తి వచ్చింది. రెండోదానిమీద జయంకొండార్ అనే తమిళకవి ఏకంగా కావ్యమే రాశాడు. ఎదుట నిలిచిన కళింగరాజు అనంతవర్మ చోడగంగుని తల్లి రాజసుందరి కూడా చోళుల ఆడపడుచే. పేరులోనే చోడుణ్ణి పెట్టుకున్నవాడిమీదికి చోళులు కత్తి దూశారు. చివరకు ఈ సీమ గంగరాజులకే దక్కింది. ఇప్పుడు మనం చూసే గుడి 13వ శతాబ్దంలో వారి కాలంలో కట్టిందే. గుడి కొత్తదైనా తోట ఇచ్చినవాని రాయి మాత్రం మిగిలింది.

అన్ని రాళ్లకూ ఆ అదృష్టం లేదు. పల్లెల్లో అక్షరాలున్న బండలు చాకిరేవులకు, గుమ్మాల ముందు మెట్లకు వాడేశారు. కొన్నిటిమీద సున్నం మీద సున్నం పడింది. నిధి ఉందని పగలగొట్టినవారూ లేకపోలేదు. నిజానికి అందులో ఉండేది ఎవరు ఎంత భూమి ఇచ్చారో, ఏ దీపానికి ఎన్ని గొర్రెలు ఇచ్చారో అనే లెక్కే.

రాయి చదవడానికి వచ్చేవారు దాన్ని పట్టుకుపోరు. నీళ్లతో కడిగి, తడికాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసుకుంటారు. రాయి మీ ఊళ్లోనే ఉంటుంది. పొలంలోనో పాతబావి దగ్గరో గీతల్లాంటి అక్షరాలు కనిపిస్తే ఉలి తగలనివ్వకుండా పంచాయతీలో చెప్పండి, పురావస్తు శాఖకు కబురు పంపించండి.