వ్యర్థాల రైలు రవాణా

నగరాలలో పోగయ్యే చెత్తను, మురుగునీటి శుద్ధిలో మిగిలే బురదను, కర్మాగారాల వ్యర్థాలను గూడ్సు రైళ్ళలో దూరప్రాంతాలకు తరలించడాన్ని వ్యర్థాల రైలు రవాణా అంటారు. నగరానికి సమీపంలో చెత్త వేయడానికి స్థలం కరువైనప్పుడు ఈ పద్ధతిని అనుసరిస్తారు. అయితే రైలు ఎక్కినంత మాత్రాన చెత్త తరిగిపోదు. దానిని దింపుకొనే ఊరిలో తగిన ఏర్పాట్లు లేకపోతే నగరం సమస్య ఆ ఊరి సమస్యగా మారుతుంది.

పద్ధతి

వీధులలో సేకరించిన చెత్తను మొదట లారీలలో బదిలీ కేంద్రానికి చేరుస్తారు. విడి చెత్త తేలికగా ఉండి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువలన దానిని యంత్రాలతో అదిమి, మూతలున్న ఉక్కు కంటైనర్లలో నింపి, వ్యాగన్లపైకి ఎక్కిస్తారు. గమ్యస్థానంలో కంటైనర్లను దింపి, లారీలపై డంపింగ్ యార్డుకు తీసుకొనివెళతారు. ఒక్క రైలు పదుల కొద్దీ లారీల బరువును మోయగలదు. టన్నుకు అయ్యే ఇంధనం కూడా తక్కువే. కాని రెండు చోట్ల ఎక్కించి దింపే ఖర్చు ఉన్నందున, కొద్ది దూరాలకు లారీలే చౌక.

బొంబాయి చెత్త రైలు

1896లో బొంబాయిలో ప్లేగు వ్యాధి ప్రబలింది. చెత్తను ఊరికి దూరంగా పంపాలనే ఉద్దేశంతో పురపాలక సంస్థ 1899లో చెంబూరు సమీపంలోని దేవ్‌నార్ చిత్తడినేలకు దానిని రైలులో తరలించడం ప్రారంభించింది. 1906లో నిర్మించిన కుర్లా - చెంబూరు రైలుమార్గంలో 1924 నుండి ప్రయాణికుల రైళ్ళు కూడా నడిచాయి. కాలక్రమంలో నగరం చెంబూరును దాటి విస్తరించింది. దేవ్‌నార్‌లో చెత్త కొండలుగా పేరుకొనిపోగా, వాటి చుట్టూ బస్తీలు వెలిశాయి. 2016 జనవరిలో ఆ చెత్త అంటుకొని రోజుల తరబడి పొగ కమ్ముకొన్నది. సమీప పాఠశాలలకు సెలవు ప్రకటించవలసి వచ్చింది.

సియాటిల్

అమెరికాలోని సియాటిల్ నగరం 1991 నుండి తన చెత్తను సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, ఆరెగాన్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ వద్ద ఉన్న డంపింగ్ యార్డుకు రైలులో పంపుతున్నది. అక్కడ వర్షపాతం తక్కువ. అందువలన చెత్తలోకి నీరు దిగి, మురుగు ఊరి భూగర్భజలాలను చేరే ప్రమాదం కూడా తక్కువగా ఉంటుంది.

ప్యారిష్ ఉదంతం

న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాల మురుగు బురదను అలబామా రాష్ట్రంలోని ఒక డంపింగ్ యార్డుకు రైళ్ళలో పంపేవారు. బురదను రైలు నుండి లారీలకు మార్చే చోట దుర్వాసన భరించలేక వెస్ట్ జెఫర్సన్ పట్టణవాసులు న్యాయస్థానాన్ని ఆశ్రయించి, 2018 ఆరంభంలో నిషేధ ఉత్తర్వు పొందారు. దానితో వ్యాగన్లు పొరుగున ఉన్న ప్యారిష్ అనే చిన్న పట్టణంలో నిలిచిపోయాయి. వెయ్యి మంది కూడా లేని ఆ ఊరిలో, ఇళ్ళకు, ఆటస్థలానికి దగ్గరలోనే, సుమారు రెండు నెలలు అవి ఉండిపోయాయి. ఏప్రిల్‌లో చివరి కంటైనర్‌ను తరలించారు. ప్యారిష్ ఆ బురదను పుట్టించినదీ కాదు, దానికి గమ్యమూ కాదు.

జాగ్రత్తలు

కంటైనర్లకు గట్టి మూతలుండాలి, అడుగున మురుగు కారకూడదు. దింపే ఏర్పాటు సిద్ధంగా ఉన్నదని నిర్ధారించుకొన్న తరువాతనే రైలును బయలుదేరదీయాలి. దారిలో వ్యాగన్లు నిలిచే ఊళ్ళ సమ్మతి కూడా ముందుగానే తీసుకోవాలి. తడి చెత్తను, పొడి చెత్తను ఇంటివద్దనే వేరుచేసి, తడి చెత్తను ఎరువుగా మార్చుకొంటే రైలు ఎక్కించవలసిన భారమే చాలావరకు తగ్గుతుంది.