పగడము తెల్లబోవుట

మనలో పెక్కుమంది మంగళసూత్రములకు ఇరుప్రక్కల నల్లపూసల నడుమ పగడములు గ్రుచ్చబడి యుండును. కుజదోషము శాంతించునని వ్రేలికి పగడపుటుంగరము పెట్టుకొనువారును గలరు. మా శ్రీకాళహస్తి గుడివీధిలో యాత్రికుల కమ్మెడు పూసల దండలలో నిజమైన పగడము లెన్నియో, రంగు వేసిన గాజెంతయో ఆ కాళహస్తీశ్వరునకే యెఱుక. చిన్ననాడు మా తండ్రిగారు నాకు అమరకోశము చెప్పుచు 'విద్రుమము, ప్రవాళము' అను పేరులు వల్లె వేయించునపుడు, ప్రవాళమనగా చిగురనియు, విద్రుమమను మాటలో ద్రుమము, అనగా చెట్టు, ఉన్నదనియు జెప్పినారు. ఱాతికి చెట్టు పేరేల వచ్చెనని నేనడుగలేదు. ఇరువదియేండ్ల పిమ్మట నొక గాజుతొట్టి నన్నాప్రశ్న యడిగినది.

గత సంవత్సరము మా చెల్లెలి పురుటికై అమెరికాలోని హ్యూస్టను నగరమునకు బోయి నాలుగు మాసములుంటిని. మా యమ్మ లేదు గనుక పెద్దదానను నాకది తప్పనిపని. వారి ముందుగదిలో నాలుగడుగుల పొడవు గాజుతొట్టి యొకటి గలదు. అందులో 280 లీటర్ల ఉప్పునీరు, ఱాళ్ళు, నాలుగైదు చేపలు, ఆ ఱాళ్ళమీద పగడములు. అవి సముద్రమునుండి కోసి తెచ్చినవి కావు; తొట్లలోనే ముక్కలుగా పెంచి యచ్చట అమ్ముదురు. "అక్కా, బిడ్డ సంగతి నీకు చెప్పనక్కరలేదు. ఆ తొట్టిని కూడా కాస్త చూస్తూ ఉండు" అని చెల్లెలు చెప్పినపుడు, చేపలకు చిటికెడు మేత వేయుటయే కదా యనుకొంటిని.

బిడ్డ నామకరణమునాటికి మా మఱది క్రొత్త దీపము తెచ్చి తొట్టిపై దిగించెను. అంతవఱకు మూడేండ్లనుండి గొట్టపు దీపములు వెలుగుచుండెను. ఈ క్రొత్తది ఎల్‌.ఇ.డి. దీపము. తెలుపునకొక మీట, నీలమునకొక మీట గలవు. వచ్చిన చుట్టములు చూచి మెచ్చవలెనని రెండు మీటలును నిండా త్రిప్పి యుంచెను. ఆనాడు తొట్టి పెండ్లిపందిరివలె వెలిగిపోయినమాట నిజమే. ఐదాఱు దినములలో పై ఱాతిమీది పగడములు వన్నె తగ్గి పాలిపోయినవి. మఱది చూచి, 'క్రొత్త దీపపు వెలుతురు చాలకున్నది కాబోలు' నని పది గంటలు వెలుగుదానిని పదునాలుగు గంటలకు బెంచెను. చెల్లెలికది నచ్చలేదు. రాత్రి బిడ్డకు పాలిచ్చుటకు లేచినపుడు మీట సగమునకు దించును. ఉదయము ఆయన మరల హెచ్చించును. మా యూరి కథలో పాము లింగమునకు మణులు పెట్టుటయు, ఏనుగు వానిని త్రోసి బిల్వదళములు పెట్టుటయు, మరల పాము వానిని తొలగించుటయు గలదు గదా! ఇద్దరిదియు భక్తియే. ఆ నడుమ లింగమునకేమియు గాలేదు గాని, ఇచ్చట పగడములు మాత్రము చిక్కిపోవుచుండెను.

ఒకనాడు నీరు పోయుటకు వంగినపుడు నా కంటబడినదొకటి. పళ్ళెమువలె పరచుకొన్న పగడమొకటి సగము పై ఱాతి నీడలోను, సగము వెలుతురులోను ఉన్నది. నీడనున్న భాగము ముదురు గోధుమవన్నె. వెలుతురు భాగము సున్నము పూసినట్లు తెలుపు. నడుమ గీత గీసినట్లున్నది. నీరొక్కటే, ఉప్పొక్కటే, వేడిమి యొక్కటే. మఱి తేడా యెచ్చట? వెలుతురు చాలక కాదు, హెచ్చై యిట్లగుచున్నదని నాకు తోచినది. మఱదితో జెప్పితిని. పాపము, ఆయన పెద్ద చదువు చదివినవాడయ్యు, "వదినెగారూ, మీరన్నదే నిజం కావచ్చు" అని, ఆ సాయంకాలమే అంగడినుండి వెలుతురును కొలుచు యంత్రము అద్దెకు దెచ్చెను.

ఇచ్చట పగడము సంగతి కొంత చెప్పవలెను. పగడము ఒక్క ప్రాణి కాదు. గోరంత మెత్తని జీవులు వేలకొలది గుమిగూడి, సముద్రజలమునందలి సున్నమును గ్రహించి, తమ క్రింద ఱాతిగూడు కట్టుకొనును. ఒక్కొక్క జీవికి నోరును, నోటిచుట్టు మీసములవంటి చేతులును గలవు. దిబ్బలు కట్టు జాతుల యొడలిలో కంటికగపడనంత చిన్ననాచు కాపురముండును. దానిని శాస్త్రజ్ఞులు సూజాంథెల్లా యందురు. చదరపు సెంటీమీటరు పగడములో నిది ఇంచుమించు పదిలక్షల లెక్కన నుండును. నాచు వెలుతురుతో వంటచేసి, వండినదానిలో చాలభాగము తనకు చోటిచ్చిన పగడమునకు బెట్టును. గోధుమవన్నె నాచుదే, నీలము, ఊదా, పచ్చ మెఱుగులు పగడము తాను చేసికొనునవి. పూర్వులు దీనికి చెట్టు పేరు పెట్టుట యంత తప్పు కాదని నాకప్పుడు తెలిసినది. ఒడలు జంతువు, వంటయిల్లు మొక్క!

వెలుతురు హఠాత్తుగ హెచ్చినచో ఆ వంటయింట పొయ్యి అదుపు తప్పును. నాచు చేయు ప్రాణవాయువే విషరూపము దాల్చి యింటినంతయు మాడ్చును. అప్పుడు పగడము వేఱుదారి లేక నాచును వెడలగొట్టును. మిగిలినది అద్దమువంటి పలుచని చర్మము, దాని వెనుక తెల్లని సున్నపుటెముక. మన భాషలో దిగ్భ్రమ చెందినవానిని తెల్లబోయెననుచుందుము. పగడము విషయమున నది అక్షరాల నిజము. అదే వెలుతురు మెల్లమెల్లగ హెచ్చినచో, నాచు కొన్ని వారములలో తన రంగును తగ్గించుకొని క్రొత్త యెండకు అలవాటు పడును. వెలుతురు చాలనిచోట ఇందుకు విపర్యయము. నాచు రంగు పెంచుకొనుటచే పగడము ముదురు గోధుమగా మాఱి, పిదప చిక్కును.

వెలుతురును కొలుచు పద్ధతి యిది. ఒక చదరపు మీటరు చోటుపై సెకనునకు పడు కాంతికణములను మైక్రోమోలులను కొలతలో లెక్కింతురు. నడివేసవి మధ్యాహ్నపుటెండ ఇంచుమించు 2000 వచ్చును. తొట్లలో మెత్తని పగడములకు 50 మొదలు 150 వఱకు చాలును. కొమ్మలు వేయు ఱాతిపగడములు 200 మొదలు 350 వఱకు కోరును. మా మఱది పాత పుస్తకములో పై ఱాతివద్ద 170 అని వ్రాసికొని యుండెను. క్రొత్త దీపము క్రింద అదేచోట 460 వచ్చినది! రాత్రికి రాత్రి మూడింతలు. పురుటిగదిలోని బిడ్డను నీరెండ చూపకయే రోహిణికార్తె యెండలో పరుండబెట్టినట్లు.

ఇంత హెచ్చినను మాకేల తెలియలేదన, తప్పు కంటిది. నీటిలో ఎఱుపు కొలదిమీటరులకే అణగిపోవును. నీలము మాత్రము లోతునకు బోవును. తరతరములుగ ఆ నీలమున బ్రతికిన నాచు దానినే మిక్కిలి గ్రహించును. మన కన్ను పసుపుపచ్చను బాగుగ చూచును, నీలమును మసకగా చూచును. అందుచే నీలపు మీట నిండా త్రిప్పినను మనకు సాయంసంధ్యవలె చల్లగ తోచును. పగడమునకది నడిమిట్ట మధ్యాహ్నము. మఱది తెలుపు తగ్గించి నీలము పెంచి, 'తగ్గించితిని గదా' యనుకొన్న దినములు రెండు మూడున్నవి.

ఏమి చేసితిమో చెప్పెదను. మీటలను రెంటిని నూటికి నలుబదికి దించితిమి. అయినను కొలతలో 200 దగ్గఱ నుండెను. పాలిపోయినవానికి అదియు నెక్కువయే. బిడ్డ యుయ్యాలకు తెచ్చిన దోమతెర గుడ్డ మిగిలియుండగా దానిని నాలుగు మడతలు చేసి తొట్టిపై పఱచితిని. వారమున కొక మడత తీయవలెనని లెక్క. వెలుగు గంటలు ఎనిమిది. అందమునకై రాత్రియంతయు వెలుగుచుండిన చిన్న నీలిదీపమును ఆర్పించితిని. పగడములకు చీకటియు గావలెను, అవి చేతులు చాచి మేత పట్టునది చాలవఱకు రాత్రియే. పై ఱాతి ముక్కలలో కదిలింప వీలైన రెంటిని క్రింది యిసుకమీదికి దించితిమి. క్రొత్తగ తెచ్చిన పగడము నెప్పుడును ముందు అడుగున నుంచి, వారమునకొక మెట్టు పైకి తీయవలెనట. ఇది ముందే తెలిసియున్న బాగుండెడిది. నీటిని మాత్రము ముట్టలేదు. వేడిమి 26 డిగ్రీలు, ఉప్పు వేయింటికి 35 పాళ్ళు; అవి సరిగనే యున్నవి. ఒకటి చెడినపుడు పది మార్చినచో ఏది మేలుచేసెనో తెలియదు.

తెల్లబోయిన పగడము చచ్చినది కాదు, ఆకలిగొన్నది. ఈ సంగతి తేల్చినవారిలో సి. ఎం. యాంగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడొకడు. 1928లో ఆస్ట్రేలియా తీరమునందలి మహాప్రవాళభిత్తికకు బోయి, సంవత్సరకాలము చిన్నదీవిలో మకాముండి, నికల్సు అను తోడివానితో గూడి పగడములను వెలుతురు చొరని పెట్టెలలో నుంచి చూచెను. అవి నాచును పోగొట్టుకొని తెల్లబాఱినను, మేత పెట్టినంతకాలము బ్రతికియే యుండెను. ఆ యాత్రకు వైద్యురాలుగ వెళ్ళినది ఆయన భార్య మాటీ యాంగు. ఇది చదివిన తరువాత దీపమాఱిన గంటకు ఱొయ్యపిల్లల నీటిని సన్నగొట్టముతో ఒక్కొక్క పగడము నోటికందించు పని నేను పూనుకొంటిని. ఆచారముగల యింట బుట్టి ఱొయ్యలు ముట్టుట యెట్లని మొదటిరోజు చేయి వెనుకాడినది. మా కాళహస్తి కన్నప్ప యేమి నైవేద్యము పెట్టెనో తలచికొని కానిచ్చితిని.

ఇంట పగడము పెంచుట స్త్రీలకు క్రొత్త కాదు. ఫ్రాన్సుదేశమున బుట్టి దుస్తులు కుట్టుపనితో పేరుగాంచిన జాన్ విల్‌ప్రో-పవర్ అను నామె 1832లో సిసిలీ ద్వీపమునందు సముద్రప్రాణులను బరిశీలించుటకై గాజుతొట్టి చేయించెను. 1846లో లండనునందు ఆనా థిన్ అను మతాచార్యుని భార్య టార్కీ తీరమునుండి పగడములను దెచ్చి యింట పెంచినది. త్రోవలో కదలకుండుటకై వానిని సూదిదారముతో స్పంజికి కుట్టి తెచ్చినదట! ఇంటికి తెచ్చిన పిదప పంపులు లేని కాలము గనుక, దాసి దినదినము తెఱచిన కిటికీయెదుట నిలిచి అరగంటకు పైగా నీటిని పాత్రనుండి పాత్రకు పోయుచు గాలి పట్టించుచుండెడిది. ఆ దాసి పేరెవ్వరును వ్రాయలేదు. ఆమె చేయి ఎంత నొచ్చెనో! అయితే ఆ పగడములు చలినీటి జాతివి, వానిలో నాచు లేదు, గనుక వెలుతురు చిక్కు ఆనాగారికి రాలేదు. మన మంగళసూత్రములకు వచ్చు ఎఱ్ఱపగడమును అట్టిదే. మధ్యధరా సముద్రమున మసకచీకటి గుహలలోను, లోతులలోను పెరుగును; ఎండతో దానికి పనిలేదు.

నేను బయలుదేఱునాటికి దోమతెర రెండు మడతలు మిగిలియుండెను. పళ్ళెపు పగడమున తెల్లనిభాగము అంచులనుండి లేత తేనెవన్నె తిరుగుచుండెను. కొమ్మల పగడములలో నొకటి దక్కలేదు. దాని చర్మమూడి, ఎముకపై పచ్చని పిచ్చినాచు పట్టినది. మఱది దానిని బయటికి తీసి చాలసేపు చేతబట్టుకొని కూర్చుండెను. నేనేమియు ననలేదు.

"ఒక చిన్నముక్క పట్టుకుపోయి మీ యింట్లో పెంచరాదా?" అని చెల్లెలడిగినది. కూడదంటిని. దేశములు దాటింపవలెనన్న ఱాతిపగడములకు అంతర్జాతీయ నియమముల ప్రకారము అనుమతిపత్రములుండవలెను. మఱియు మన దేశమున దిబ్బలు కట్టు పగడములను, సముద్రపు విసనకఱ్ఱలను 2001లో వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి పట్టికలో జేర్చినారు. పులికెంత రక్షణయో మన సముద్రపు పగడమునకు నంత. సముద్రమునుండి తీయుటయు, అమ్ముటయు నేరము. మద్రాసులోనో మఱియెచ్చటనో అంగడివాడు 'సజీవమైన పగడ' మని చూపినచో ముచ్చటపడి కొని తెచ్చుకొనకుడు. తొట్టి పెట్టు కోరిక యున్నచో మంచినీటి చేపలు, నీటిమొక్కలు చాలును. దీపము మెల్లగ హెచ్చించు నియమము వానికిని పనికివచ్చును.

మనకు దగ్గఱలో పగడపు దిబ్బలను చూడదలచినవారు రామేశ్వరయాత్రలో చూడవచ్చును. రామేశ్వరము మొదలు తూత్తుకుడి వఱకు మన్నారు సింధుశాఖలో 21 దీవులచుట్టు ఈ దిబ్బలున్నవి. 1986లో వానిని జాతీయవనముగ నేర్పఱచినారు. 1998, 2010, 2016 సంవత్సరముల వేసవులలో నీరు వేడెక్కి అచ్చటి పగడములు తెల్లబోయినవి. వేడిమి హెచ్చిన నీటిలో మామూలు ఎండయు పగడమునకు మిక్కుటమగును. లోకమంతట ఇట్లు జరుగుట నాలుగవసారి యని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ఆ దీవులపై పఱచుటకు దోమతెర యెవరియొద్దను లేదు.

మొన్న దసరాకు చెల్లెలు చిత్రము పంపినది. బిడ్డ తొట్టి యెదుట కూర్చుండి గాజుపై అఱచేయి ఆనించియున్నది. తెర మడతలన్నియు తీసివేసినారట. పై ఱాతివద్ద కొలత 240. నీలపు మీట నూటికి అఱువది వద్ద నిలిచియున్నది. దానిపై మఱది కాగితపుముక్క అంటించి, 'వదినెగారి యాజ్ఞ లేనిదే త్రిప్పరాదు' అని వ్రాసినాడు.