కంప్యూటర్‌ను హై-ఫై ఆడియో వ్యవస్థకు అనుసంధానించడం

ఈ భాగం చదివిన తరువాత మీరు కంప్యూటర్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపే మార్గాలను వివరించగలుగుతారు. స్పీకర్లలో 'గుంయ్'మనే శబ్దం ఎందుకు వస్తుందో, దాన్ని ప్రమాదం లేకుండా ఎలా తొలగించాలో చెప్పగలుగుతారు.

1. సంకేతం ఎక్కడ మారుతుంది?

కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఉదాహరణకు, సి.డి. ప్రమాణంలో ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు ఉంటాయి. స్పీకర్‌ను కదిలించడానికి ఈ అంకెలు పనికిరావు. హెచ్చుతగ్గులయ్యే వోల్టేజి కావాలి. అంకెలను వోల్టేజిగా మార్చే పరికరమే డిజిటల్-అనలాగ్ కన్వర్టర్. దీన్ని వాడుకలో 'డాక్' అంటారు. ఈ మార్పు ఎక్కడ జరుగుతుందన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న.

2. అనుసంధాన మార్గాలు

(అ) హెడ్‌ఫోన్ సాకెట్: ఒకవైపు 3.5 మి.మీ. ప్లగ్, మరోవైపు రెండు ఆర్.సి.ఎ. ప్లగ్గులు ఉన్న కేబుల్ చాలు. ఖర్చు తక్కువ. అయితే మార్పు కంప్యూటర్ లోపలే జరుగుతుంది కాబట్టి ప్రాసెసర్, పవర్ సప్లైల విద్యుత్ అలజడి సంగీతంలో కలిసే అవకాశం ఉంది. ఈ కేబుల్‌ను ఆంప్లిఫయర్‌లోని 'ఆక్స్' లేదా 'లైన్' ఇన్‌పుట్‌కే కలపండి. 'ఫోనో' ఇన్‌పుట్ రికార్డు ప్లేయర్ ఇచ్చే కొద్ది మిల్లీవోల్టుల సంకేతానికి ఉద్దేశించినది. అక్కడ కలిపితే ధ్వని వికృతమవుతుంది.

(ఆ) యు.ఎస్.బి. డాక్: మార్పు కంప్యూటర్ బయట, విడి పెట్టెలో జరుగుతుంది. అసింక్రనస్ పద్ధతిలో పనిచేసే డాక్ తన సొంత గడియారం ప్రకారం అంకెలను కంప్యూటర్ నుంచి రప్పించుకొంటుంది.

(ఇ) ఆప్టికల్ కేబుల్: అంకెలు కాంతి రూపంలో డాక్‌కు చేరతాయి. లోహపు తీగ లేనందున రెండు పరికరాల మధ్య విద్యుత్ సంబంధం ఉండదు.

3. ఎర్త్ వలయం

కంప్యూటర్, ఆంప్లిఫయర్ వేర్వేరు గోడ సాకెట్లలో ఉన్నాయనుకోండి. వాటి ఎర్త్‌లు ఇంటి వైరింగ్ ద్వారా ఒకసారి, ఆడియో కేబుల్ ద్వారా మరోసారి కలుస్తాయి. ఈ వలయంలో ప్రవహించే స్వల్ప కరెంటు 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీపై నడిపి చూడండి. మోత ఆగితే కారణం ఇదే కావచ్చు. అప్పుడు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, లేదా ఆప్టికల్ కేబుల్ వాడండి.

హెచ్చరిక: మోత పోవడానికి ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌ను ఎన్నడూ తీసివేయకండి. లోపల ఇన్సులేషన్ చెడితే పరికరం లోహపు పెట్టెకు 230 వోల్టులు చేరవచ్చు. ఎర్త్ లేకపోతే ఆ కరెంటుకు మీ శరీరమే దారి అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆప్టికల్ కేబుల్ వాడితే ఎర్త్ వలయం ఎందుకు ఏర్పడదు?
2. హెడ్‌ఫోన్ సాకెట్ కంటే బయటి డాక్ మేలు అనడానికి కారణమేమిటి?