విడుదలకు ముందు పరీక్ష

వికీపీడియా 2001 జనవరి 15న ఆంగ్లభాషలో ఆరంభమైన స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇందలి వ్యాసాలను ప్రతిఫలం ఆశించని ఔత్సాహికులే రాస్తారు, వారే దిద్దుతారు. ఆ రాతలను భద్రపరచి పాఠకులకు చూపే సాఫ్ట్‌వేర్ పేరు మీడియావికీ. దీనికి ఎప్పటికప్పుడు కొత్త కూర్పులు సిద్ధమవుతూ ఉంటాయి. కొత్త కూర్పును లోకానికి విడుదల చేసే ముందు పరీక్షించడం ఆవశ్యకం. అయితే ఆ పరీక్ష ఎక్కడ జరగాలి? నిపుణుల వద్ద ఉన్న నకలు సర్వరుపైనా, నిత్యం జనం వాడుతున్న అసలు సర్వరుపైనా?

నకలుపై పరీక్షించడమే క్షేమమని ఎవరికైనా తోస్తుంది. ఆ పరీక్ష ముగియనిదే ముందడుగు వేయరాదన్నది నిజమే. కాని నకలులో జనం ఉండరు. ఇద్దరు ఒకే వ్యాసాన్ని ఒకే క్షణంలో దిద్దడం, ఒక వార్త వెలువడగానే వేలమంది ఒకే పుటను తెరవడం, ఎవరో ఎన్నడో చేసిన విచిత్రమైన అమరిక ఒకటి హఠాత్తుగా చెదరిపోవడం – ఇటువంటివి అసలు సర్వరుపైనే సంభవిస్తాయి.

ఇందుకు మీడియావికీ 1.5 కూర్పు చక్కని ఉదాహరణ. అంతకు ముందు ప్రతి వ్యాసపు తాజా పాఠం ఒక పట్టికలోను, పూర్వపాఠాలు వేరొక పట్టికలోను ఉండేవి. పూర్వపాఠాల పట్టికలో ప్రతి వరుసలోను వ్యాసం పేరు ఉండేది. అందువల్ల వెయ్యిసార్లు దిద్దిన వ్యాసానికి పేరు మార్చదలిస్తే వెయ్యి వరుసలు సవరించవలసి వచ్చేది. కొత్త కూర్పులో పేరు ఒక పట్టికకు, దిద్దుబాట్ల వివరాలు మరొకదానికి, పాఠం మూడవదానికి చేరాయి. పేరును ఒక్కచోట మార్చితే చాలు. ఆ సందర్భంలోనే ఆంగ్ల వికీపీడియా యూనికోడ్‌కు మారింది. అంతవరకు ఆంగ్ల వ్యాసంలో ఒక తెలుగు పేరు చేర్చాలంటే అక్షరాలకు బదులు సంకేత సంఖ్యలు వరుసగా రాయవలసి వచ్చేది. ఈ కూర్పు 2005 జూన్ నాటికే వికీపీడియా సర్వర్లపై నడిచింది. తుదిరూపంలో విడుదలైనది అక్టోబరులో.

ఇందులోని ప్రమాదం స్వల్పమైనది కాదు. ప్రోగ్రాములో దోషం కనబడితే పాత ప్రోగ్రామును మళ్లీ నెలకొల్పవచ్చు. కాని సమాచారం కొత్త పట్టికలలోకి మారిన తరువాత చేరిన రాతల మాటేమిటి? ఉన్నపాటున వెనుకకు మళ్లితే ఆ నడుమ రాసినవారి శ్రమ వ్యర్థమవుతుంది. తాళపత్రాలు శిథిలమైనప్పుడు లేఖకులు కొత్త ప్రతి రాసుకొనేవారు. మూలం నశించి, ప్రతిలో దోషం మిగిలిపోతే సరిచూసుకొనే దారి ఉండేది కాదు. ప్రాచీన కావ్యాలను పరిష్కరించిన పండితులకు ఈ బాధ బాగా తెలుసు. అందుచేత మార్పుకు ముందు మూలాన్ని వేరుగా భద్రపరచడం, మార్పు జరుగుతున్నంతసేపు చదవడానికి మాత్రమే అనుమతించి దిద్దుబాట్లను నిలిపివేయడం మంచిది. అంతకంటె ముఖ్యం, ఆ సంగతి రాసేవారికి ముందుగా తెలియజేయడం. చెప్పకుండా పరుల రాతలపై ప్రయోగం చేయడం ఎంతటి నిపుణులకైనా తగదు.

ఆ తరువాతి కాలంలో వికీమీడియా సంస్థ ఈ పనికి ఒక వారపు క్రమాన్ని ఏర్పరచుకొంది. దానిని వారు రైలు అని వ్యవహరిస్తారు. కొత్త కూర్పు మంగళవారం పరీక్షా వికీలకు చేరుతుంది. బుధవారం విక్షనరీ, వికీసోర్స్ వంటి సోదర ప్రాజెక్టులకు, వాటితోపాటు కాటలన్, హీబ్రూ మొదలైన కొన్ని వికీపీడియాలకు చేరుతుంది. తక్కిన వికీపీడియాలకు గురువారం వస్తుంది. తీవ్రమైన దోషం బయటపడితే రైలు అక్కడే ఆగుతుంది, అవసరమైతే వెనుకకు మళ్లుతుంది. ఈ క్రమంలో తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పుటలను సరిదిద్దేవారు కొత్త కూర్పును బుధవారమే చవిచూస్తారు. వారికి ఎదురైన చిక్కును ఆ పూటే తెలియజేస్తే, మరునాడు తెలుగు వికీపీడియాలో రాసేవారికి అది ఎదురుకాకుండా పోవచ్చు.