పనిముట్లు ఏల చెడును? వానిని కాపాడుట యెట్లు?



సంఘమునుండి ఋణము పొంది సభ్యుడొక పనిముట్టును కొనునప్పుడు, ఆ ఋణము తీరువఱకైనను ఆ పనిముట్టు నిలుచునని తలంచుట సహజము. కాని పెక్కు చోట్ల ఇందుకు విరుద్ధముగా జరుగుచున్నది. వాయిదాలు తీరకమునుపే ఎరువు వేయు గొఱ్ఱు గొట్టములు తుప్పుపట్టి మూసికొనిపోవుచున్నవి. కల్లములో పఱచిన టార్పాలిను చేతికి పొడిపొడిగా రాలుచున్నది. పాక గుంజ నేలమట్టమున విఱిగి పడుచున్నది. అప్పు మాత్రము తుప్పుపట్టదు, చెద తినదు. అది వడ్డీతో పెరుగుచునే యుండును. పనిముట్టు పోయి అప్పు మిగిలిన రైతు, రెండవ పనిముట్టుకై రెండవ అప్పు చేయవలసి వచ్చును. ఈ నష్టములో అధికభాగము తప్పించుకొనదగినదే యని చూపుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

వస్తువు చెడినప్పుడు "పాతబడినది" అని మనమనుకొందుము. వయస్సు మాత్రమే యే వస్తువును చెఱుపదు. చుట్టునున్న గాలి, నీరు, ఉప్పు, ఎండ, క్రిమికీటకములు చెఱుచును. ఇందుకు మంచి నిదర్శనము ఢిల్లీ నగరమున కుతుబ్ మీనారు చెంతనున్న ఇనుప స్తంభము. అది గుప్తరాజుల కాలమున, నేటికి సుమారు 1600 సంవత్సరముల క్రిందట, ఇనుప ముద్దలను కాచి కొట్టి యొకటిగా అతికి చేసినది. దాని మొత్తము పొడవు 7 మీటర్లకు పైన. బరువు 6 టన్నులకు పైన. ఇన్ని శతాబ్దములు వానకును ఎండకును నిలిచియు నేలపై నున్న భాగము క్షీణింపలేదు. ఆ ఇనుములో భాస్వరము అధికముగా నుండుటచే పైన పలుచని పొర యేర్పడి లోహమును కాచుచున్నది. ఏటిలో చాల మాసములు అక్కడి గాలి పొడిగా నుండుటయు సహాయమైనది. కాని అదే స్తంభమున భూమిలో పాతిన భాగమును త్రవ్వి చూడగా, అది తుప్పుపట్టి గుంటలు పడియుండెను. ఇనుము ఒకటే, వయస్సు ఒకటే. పరిసరములు మాత్రము వేఱు. కాబట్టి వస్తువును కాపాడుట యనగా దాని పరిసరములను చక్కబెట్టుట యని గ్రహింపవలెను.

ఇనుము

తుప్పు పట్టుటకు నీరును, గాలిలోని ప్రాణవాయువును రెండును కావలెను. ఒకటి యున్నంత మాత్రమున చాలదు. ఈ విషయమును సంఘ కార్యాలయములోనే ఎవరైనను పరీక్షించి చూడవచ్చును. నాలుగు గాజుసీసాలను, నాలుగు క్రొత్త మేకులను తీసికొనుడు. మొదటి సీసాలో పొడి మేకును, తడి పీల్చుటకు కొన్ని కాల్చిన సున్నపురాళ్లను వేసి బిరడా బిగింపుడు. రెండవదానిలో మేకును వేసి, బాగుగా మరగించి చల్లార్చిన నీటిని నిండ పోసి, పైన కొంచెము నూనె పోసి మూయుడు. మరగించుటచే నీటిలోని గాలి వెడలిపోవును. నూనె క్రొత్త గాలిని రానీయదు. మూడవదానిలో సామాన్యమైన నీటిని మేకు సగము మునుగునట్లు పోయుడు. నాలుగవదానిలో ఉప్పునీటిని అదే విధముగ పోయుడు. వారము దినములు గడచిన పిమ్మట చూచినచో, మొదటి రెండు మేకులు దాదాపు శుభ్రముగ నుండును, మూడవది ఎఱ్ఱబడును, నాలుగవది అంతకంటెను వేగముగ చెడును.

ఈ పరీక్షయే మనకు ఉపాయము చెప్పుచున్నది. గాలిని ప్రపంచమునుండి తీసివేయలేము, వానను ఆపలేము. కాని ఇనుమునకును వానికిని నడుమ ఒక తెర వేయగలము. పని ముగిసిన దినముననే నాగలి కఱ్ఱును, కొడవలిని, పారను మట్టి పోవునట్లు కడిగి, ఆఱబెట్టి, గ్రీజుగాని ఇంజను నూనెగాని పలుచగ పూసినచో ఆ తెర యేర్పడును. అంటియున్న మట్టి తడిని పట్టి యుంచును గనుక మట్టితో మూలనుంచిన పార, కడిగి యుంచిన పారకంటె ఎంతో ముందుగ చెడును.

రంగు వేయుటయు తెర వేయుటయే. అయితే తుప్పుపైన రంగు వేయుట, పుండు కడుగక కట్టు కట్టుట వంటిది. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ స్థలము నాక్రమించును. కావున అది లోపల పెరుగుకొలది పై రంగు ఉబ్బి, పొక్కులెత్తి, రాలిపోవును. ముందుగా ఇనుప తీగెల బ్రష్షుతోను ఎమరీ కాగితముతోను తుప్పును గీకివేసి, పొడిగ తుడిచి, రెడ్ ఆక్సైడు పూత పూసి, అది ఆఱిన పిమ్మట రంగు వేయవలెను. పూర్వము ఇందులకు సీసముతో చేసిన ఎఱ్ఱ సిందూరమును వాడెడివారు. అది విషము గనుక పిల్లలును పశువులును తిరుగు మన ఇండ్లలో దానిని వాడరాదు.

ఇంకొక రక్షణ జస్తు పూత. ఈ పద్ధతికి 1837వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు ఇంజనీరు సోరెల్ అనునతడు హక్కుపత్రము పొందెను. జస్తు ఇనుమును కప్పియుంచుటయే గాక, గీత పడినచోట తాను ముందుగ కరగి ఇనుమును కాపాడును. అయినను క్రొత్త జస్తు రేకులను తడితో ఒకదానిపై నొకటి పేర్చి యుంచరాదు. నడుమ తెల్లని బూడిదవలె లేచి, వాడకమునకు రాకమునుపే పూత తఱుగును. వానిని ఒక వైపు ఏటవాలుగ నిలిపి, గాలి ఆడునట్లు ఉంచవలెను.

ఉప్పును ఎరువును

కోనసీమ, దివిసీమ వంటి సముద్రతీరపు గ్రామములలో ఇనుము త్వరగా చెడుటయు, అనంతపురము వంటి మెట్ట ప్రదేశములలో నెమ్మదిగ చెడుటయు అందఱు నెఱిగినదే. సముద్రపు గాలిలో ఉప్పు కలదు. ఉప్పు తడిని పీల్చును, తుప్పునకు దారి చూపును. ఇదే కారణమున సముద్రపు ఇసుకతో సిమెంటు స్తంభములు పోయించుట పొరపాటు. ఆ ఉప్పు లోని ఇనుప కడ్డీలకు చేరి, తుప్పు ఉబ్బి, సిమెంటును లోపలినుండి పగులగొట్టును.

తీరమునకు దూరమున నున్న రైతు తనకు ఉప్పు బాధ లేదని తలంపరాదు. అతడు తన చేతులతోనే దానిని తెచ్చి ఇనుముపై పోయుచున్నాడు. అమ్మోనియము సల్ఫేటు, పొటాషు ఎరువు మొదలగునవి కూడ లవణములే. అవి గాలిలోని తడిని పీల్చి, ఇనుమును అంటి తినును. యూరియాయు తడిని పీల్చి అంటుకొనునదే. ఎరువు గొఱ్ఱును రేపు కడుగుదమని యుంచిన ఒక్క రాత్రియే చాలును. గొట్టములలో మిగిలిన యెరువును దులిపి, నీటితో కడిగి, ఎండబెట్టి, నూనె తుడిచిన పిమ్మటనే ఇల్లు చేర్పవలెను. ఎరువు బస్తాల ప్రక్కను ఇంజనునుగాని మోటారునుగాని ఉంచరాదు.

తోటలు గల రైతులకు బోర్డో మిశ్రమము పరిచితమైనదే. ఫ్రాన్సు దేశమున ద్రాక్షతోటల తెగులునకు మిల్లార్డే అను పండితుడు 1885వ సంవత్సరమున దీనిని వెల్లడించెను. ఒక వంతు బలముగల మిశ్రమమునకు, 1 కిలో మైలుతుత్తమును 1 కిలో సున్నమును వేఱువేఱుగ నీటిలో కలిపి, మొత్తము 100 లీటర్లు చేయుదుము. మైలుతుత్తపు నీటిని ఇనుప పాత్రలో కలుపరాదు. అందలి రాగి ఇనుముపై చేరి, ఇనుము నీటిలోనికి కరగిపోవును. పాత్రయు చెడును, మందు బలమును తఱుగును. మట్టి, కఱ్ఱ, ప్లాస్టిక్ పాత్రలే తగినవి. అయితే ఈ గుణమునే మనము పరీక్షకు వాడుకొనవచ్చును. మెఱుగు పెట్టిన చాకును కలిపిన మిశ్రమములో కొంతసేపు ముంచి తీసినపుడు దానిపై ఎఱ్ఱని రాగి కనబడినచో, సున్నము చాలలేదని తెలిసికొని మఱికొంత కలుపవలెను. లేనియెడల ఆకులు మాడును.

కఱ్ఱ

కఱ్ఱకు శత్రువులు రెండు విధములు: బూజు జాతి యొకటి, చెద, పుచ్చుపురుగు మొదలగు కీటకములు రెండవది. ఎండిన కఱ్ఱ బరువులో నూటికి ఇరువది వంతులకు మించి తడి చేరనిచో బూజు కఱ్ఱను కుళ్లింపలేదు. అట్లని నీటిలో పూర్తిగ మునిగియున్న దూలము కుళ్లునా యనిన, చాలకాలము కుళ్లదు. అచట బూజునకు గాలి దొరకదు. గాలియు తడియు కలిసియుండు నేలమట్టముననే గుంజ ముందుగ కుళ్లును. సీసాలోని మూడవ మేకు చెప్పిన పాఠమే యిచటను చెల్లుచున్నది.

కావున గుంజను మట్టిలో పాతుటకంటె రాతి దిమ్మెపైనగాని సిమెంటు దిమ్మెపైనగాని నిలుపుట మేలు. పాతక తప్పనిచో, బాగుగ ఎండిన గుంజకు నేలలో నుండు భాగమునకును, నేలపైన జానెడు ఎత్తువఱకును కాచిన తారు పట్టించవలెను. పచ్చికఱ్ఱకు తారు పూసినచో లోని తడి బయటికి పోజాలక కఱ్ఱ లోపలనే చెడును. పైపైన కాల్చుట మాత్రమే చాలదు. కఱ్ఱను ఎన్నునపుడు చేవ చూడవలెను. టేకులో నైనను చేవ మాత్రమే చెదకు లొంగదు. బెరడు క్రింది తెల్లచెక్క మామూలు కఱ్ఱతో సమానము.

చెద నేలలోనుండి మట్టి గొట్టములు కట్టుకొని వచ్చును. ఎండకును గాలికిని అది తాళలేదు. వారమున కొకసారి గోడలను, గుంజలను చూచి ఆ గొట్టములను పడగొట్టినచో దాని రాకపోక తెగును. పనిముట్ల పిడులను మట్టిగోడకు ఆనించి యుంచక, దండెమున వ్రేలాడదీయవలెను.

వెదురులో పిండిపదార్థము ఉండుటచే పుచ్చుపురుగు చేరును. నఱకిన వెదురును కొన్ని వారములు చెరువులో ఊరవేయు మన పెద్దల వాడుక యర్థవంతమైనది. ఆ పిండి కొంత నీటిలో కలిసి పోవును. వెలిగారము, బోరిక్ ఆమ్లము కలిపిన నీటిలో ఊరవేయుట అంతకంటె గట్టి రక్షణ. అయితే ఆ మందు వానకు కొట్టుకొనిపోవును గనుక, కప్పు క్రింద నుండు వెదురునకు మాత్రమే అది తగినది.

త్రాళ్లును గోనెలును

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతపు రైతులు గోగు కట్టలను నీటిలో ఊరవేసి నారను తీయుదురు. నీటిలోని సూక్ష్మజీవులు నారను అంటియున్న జిగురును తినుటచేతనే నార వేఱుపడుచున్నది. ఎక్కువ దినములు ఊరినచో నారయు బలహీనమగును. తడిసిన గోగుత్రాడును, గోనెసంచిని ముద్దగ మూలవేయుట అదే పనిని ఇంటిలో మఱల మొదలుపెట్టుట! తడిసిన వెంటనే వానిని విప్పి ఆఱబెట్టవలెను. నీటితో ఎడతెగని పనులకు కొబ్బరిపీచు త్రాడు మేలైనది. ఉప్పునీటికిని అది ఓర్చుకొనును.

గిడ్డంగిలో గోనెలను వట్టి నేలపై పెట్టరాదు. క్రింద కఱ్ఱబల్లలు పఱచి, గోడకు ఎడముగా, మనిషి నడచి చూడగలిగినంత సందు విడిచి పేర్పవలెను. గోడను తాకిన బస్తాకే తడియు చెదయు ముందుగ చేరును.

ఎండకు చెడు వస్తువులు

ఇంతవఱకు చెప్పిన వస్తువులకు ఎండ మిత్రుడు. ప్లాస్టిక్కునకును రబ్బరునకును అదే శత్రువు. ఎండలో కంటికి కనబడని అతినీల కిరణములు కలవు. అవి ప్లాస్టిక్కులోని పొడవైన అణువుల గొలుసులను తెంచును. అందుచే టార్పాలిను మెత్తదనము పోయి పెళుసుబాఱును. బిందుసేద్యపు గొట్టములు నల్లగ నుండుట అందముకొఱకు కాదు. వానిలో కలిపిన మసి ఆ కిరణములను తానే పీల్చుకొని గొట్టమును కాచును. తెల్లని, బూడిదరంగు పి.వి.సి. గొట్టములను భూమిలో పాతి పెట్టవలెను. పైన నుండక తప్పని భాగమునకు రంగు వేయవలెను. టార్పాలినును పని తీరగనే దులిపి, మడిచి నీడకు చేర్పవలెను. వేసవి యంతయు గడ్డివామిపైన నుంచిన టార్పాలిను, వానలు వచ్చి నిజముగ కావలసిన దినమున పనికిరాదు.

రబ్బరును ఎండయే గాక గాలిలోని ఓజోను అను వాయువు కూడ చెఱుచును. సాగదీసి యున్నచోటను, మడత పడినచోటను ముందుగ బీటలు వాఱును. కావున పంపు గొట్టములను మడువక వెడల్పైన చుట్టగ చుట్టి చీకటి గదిలో నుంచవలెను. పని లేని కాలమున పట్టాలను చక్రములనుండి తీసివేయవలెను. డీజిలును కిరసనాయిలును తగిలినచో రబ్బరు ఉబ్బి మెత్తబడును గనుక వెంటనే తుడువవలెను.

సంఘము చేయవలసినది

సొంత పార తుప్పుపట్టినచో నష్టము ఒక్కనిది. సంఘముయొక్క ఉమ్మడి పనిముట్టు చెడినచో నష్టము అందఱిది. అయినను "నాది కాదు గదా" యని యెవరును కడుగరు. ఉమ్మడి సొత్తు త్వరగా చెడుటకు ఇదియే కారణము. దీనికి నియమము తప్ప వేఱు మందు లేదు. ప్రతి పనిముట్టునకు ఒక పుట కేటాయించి, తీసికొన్నవాని పేరును, తీసికొన్న తేదీని, తిరిగి యిచ్చినపుడు కడిగి ఆఱబెట్టి యిచ్చెనా లేదా యనునదియు వ్రాయవలెను. కడుగక తెచ్చినదానిని కార్యదర్శి స్వీకరింపరాదు. పాలకవర్గ సభ్యుడు తెచ్చినను ఇదే నియమము.

మఱియు ఏటికి రెండు దినములు పనిముట్ల తనిఖీకై నిర్ణయింపవలెను: మృగశిర కార్తెకు ముందొకటి, పంట నూర్పిళ్లు ముగిసిన పిమ్మట నొకటి. ఆ దినమున గ్రీజు డబ్బా, ఇనుప బ్రష్షు, రెడ్ ఆక్సైడు, తారు సంఘమే సమకూర్చి, సభ్యులు తమ తమ పనిముట్లను తెచ్చి బాగుచేసికొనునట్లు చేయవచ్చును. ఈ వస్తువుల ఖరీదు ఒక్క యంత్రపు ఖరీదులో స్వల్పభాగము కూడ కాదు.

ఒక్కొక్క పనిముట్టునకు శత్రువెవడో యెఱిగి, ఆ శత్రువునకు కావలసినవానిలో నొక్కదానిని తొలగించినను చాలును: ఇనుమునకు తడిని, కఱ్ఱకు నేలను, గోనెకు గోడను, రబ్బరునకు ఎండను దూరము చేయుడు. అప్పు తీరిన పిమ్మట గూడ పనిచేయు పనిముట్టే రైతునకు నిజమైన లాభము.