బ్యాటరీ నీరసిస్తే కారు నిండా దొంగ జబ్బులే

రెండు రోజులుగా విడిది ముందు ఆగిన అరకోటి రూపాయల కారు, తీరా పెళ్లికొడుకు ఎక్కేవేళకు మొరాయిస్తుంది. బ్రేకు, స్టీరింగు, గేరు హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతాయి. అన్నీ చెడిపోయాయనుకుని పార్టులు మార్పిస్తే లక్షలు వదులుతాయి. ముందు చూడవలసింది బ్యాటరీని.

ఇటువంటి కార్లలో చిన్న చిన్న కంప్యూటర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. స్టార్టు చేసేటప్పుడు వోల్టేజి పడిపోతే దేని ఫిర్యాదు అది నమోదు చేస్తుంది. రోగం ఒకటే, మూలుగులు ఇరవై!

రాత్రంతా ఆగిన కారు బ్యాటరీ వద్ద మల్టీమీటరు 12.6 వోల్టులు చూపాలి. ఆమ్లం గాజు పీచులో ఇమిడి ఉండే ఏజీఎం రకమైతే 12.8 వరకూ ఉంటుంది. 12.2కు దిగిందంటే దాదాపు సగం ఖాళీ. బ్యాటరీ బాగుంటే, దాన్ని బాడీకి కలిపే ఎర్తు పట్టీ చూడాలి. అక్కడి తుప్పు, వదులు బోల్టు గుంతలో పడ్డప్పుడు తగవు పెట్టి, షెడ్డుకు చేరేసరికి ఏమీ ఎరగనట్టుంటాయి.

రాత్రికి రాత్రి చార్జి దిగిపోతోందా? తాళం వేశాక అరగంట పైగా ఆగి కరెంటు కొలిపించాలి. కంప్యూటర్లు నిద్రపోయాక అది మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లు దాటదు. దాటితే ఏదో మేలుకుని ఉన్నట్టే.

బీఎండబ్ల్యూ వంటి వాటిలో కొత్త బ్యాటరీ వేసిన సంగతి స్కానరుతో కంప్యూటరుకు తెలపాలి. లేకుంటే పాతదనుకునే చార్జి చేస్తుంది. వాటిలో చాలా మోడళ్లకు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, వేరే బండి నుంచి కరెంటు అందించే టెర్మినళ్లు మాత్రం బానెట్ కిందే ఉంటాయి.